చెయ్యి ఎత్తాల్సింది ఎవరు

అక్క ఎగరడం మానేసింది. నేను గమనించి రెండేళ్ళు కావస్తోంది. బంతి రింగుకి తగిలి బయటికి వచ్చేటప్పుడు ఒకప్పుడు ఆమె మోచేతులు అందరి తలలకీ పైన ఉండేవి. ఇప్పుడు రెండు కాళ్ళూ నేల మీదే ఉంచి, చేతులు చాచి నిలబడుతుంది. వస్తే పట్టుకుంటుంది, లేకపోతే లేదు. నారాయణగూడలో మా గ్రౌండ్‌లో పొద్దున్నే ఇది చూడాల్సి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఆమె మీద కాదు. ఇక చాలని ఆమెకి చెప్పే దిక్కు లేనందుకు.

మాది ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టు. అక్క నాకు తోడబుట్టింది కాదు, జట్టులో అందరికీ అక్కే. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా ఆ కోర్టు మాది. సిటీ లీగ్‌లో ఆడే జట్టు కాబట్టి ఆ గంట మాకు ఇచ్చారు. లీగ్‌లో అట్టడుగున మిగిలితే ఆ గంట పోతుంది. స్కేటింగ్ నేర్చుకునే పిల్లల తల్లులు దాని కోసం ఎప్పటి నుంచో కాచుక్కూర్చున్నారు. కిందటేడు మేము చివరి నుంచి రెండో స్థానంలో బతికి బయటపడ్డాం. ఈసారి ఓడిపోతే ఇక ఇంట్లో కూర్చుని కూరలు తరుక్కోవడమే. పెళ్ళయి, పిల్లలున్న ఆడదానికి తనదంటూ రోజుకి ఒక గంట దొరకడం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి, అది పోతుందంటే నాకు నిద్ర ఎందుకు పట్టలేదో కూడా తెలుస్తుంది.

అందుకే ఆ ప్రశ్న నా నెత్తిన పడింది. పాతవాళ్ళతోనే నెట్టుకురావాలా, కొత్త జట్టు కట్టుకోవాలా? టీవీలో పెద్ద పెద్ద జట్ల గురించి కోట్లు వేసుకున్నవాళ్ళు కూర్చుని ఈ ప్రశ్న మీద గంటలు గంటలు వాదించుకుంటారు. వాళ్ళకేం, ఎవరిని తీసేసినా మర్నాడు పొద్దున ఆ మనిషి మొహం చూడక్కర్లేదు. మా జట్టులో పాతవాళ్ళం ఇద్దరమే మిగిలాం. యాభైకి దగ్గరపడిన అక్క, ఆమెకన్నా నాలుగేళ్ళు చిన్నదాన్ని నేను. నన్నూ పాతవాళ్ళలో కలిపితే కాదనను గానీ, నా సంగతి వేరు. నేను బంతి నడిపేదాన్ని. బంతి నడపడానికి కావాల్సింది బుర్ర, మోకాళ్ళు కాదు. అక్క ఉండేది రింగు కింద. అక్కడ మోకాళ్ళే అన్నీ.

ఇంకో జట్టులో అయితే ఇది ఇంత తలనొప్పి కాదు. కోచ్ పిలుస్తాడు, మనిషి వచ్చి బెంచీ మీద కూర్చుంటుంది, అంతే. మాకు ఆ సదుపాయం లేదు. ఈ జట్టుని మొదలుపెట్టిన సార్, పెద్దాయన, ఆట మధ్యలో ఎవరినీ బయటికి పిలిచేవారు కాదు. "ఎవరి దమ్ము ఎంతుందో ఆల్లకే తెలుస్తది. అయిపోయిందనుకున్నోళ్ళు చెయ్యి ఎత్తండి, మారుస్త" అనేవారు. అలసిన అమ్మాయి చెయ్యి ఎత్తేది, బెంచీ మీది అమ్మాయి లేచి వెళ్ళేది. రానురాను జట్టు మానేయడానికి కూడా అదే పద్ధతి అయింది. ఆఖరి రోజని తనకి తెలిసినప్పుడు, మ్యాచ్ మధ్యలో చెయ్యి ఎత్తి, అలసినవాళ్ళలా వెంటనే దించకుండా అలాగే వచ్చి కూర్చుని, ఆట అయ్యాక తన జెర్సీని తన బదులు ఆడిన అమ్మాయి చేతిలో పెట్టేది. ఆ తర్వాత ఇక తిరిగి కోర్టులో దిగకూడదు. అలా ఎంతమంది వెళ్ళారో. కాన్పులకి వెళ్ళినవాళ్ళు, బదిలీలకి వెళ్ళినవాళ్ళు, అత్తగారి మంచానికి కట్టుబడిపోయినవాళ్ళు. సార్ పోయారు గానీ పద్ధతి పోలేదు. జట్టు చూసుకునే బాధ్యత నా మీద వేసి వెళ్ళారు, అధికారం మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

అక్క చెయ్యి ఎత్తగా ఈ మధ్య నేను చూడలేదు. ఊపిరి అందక నడుం పట్టుకుని వంగిపోతుంది, నీళ్ళు తాగుతుంది, మళ్ళీ నిలబడుతుంది. ఆ చెయ్యి పైకి లేవదు.

ఆమెకి నేనెంత రుణపడి ఉన్నానో చెప్పకపోతే ఈ గొడవ అర్థం కాదు. మా నాన్న గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి చిక్కడపల్లిలో ఉండిపోయాడు. నేను అక్కడే పుట్టాను. ఆడపిల్ల నిక్కరు వేసుకుని గెంతడం మా ఇంట్లో కుదిరే పని కాదు. దోమలగూడ నుంచి సైకిలు మీద వచ్చి, మా గుమ్మంలో నిలబడి, "మీ బిడ్డను నేను తీస్కపోత, నేనే తెచ్చి దింపుత, జరంత నమ్మండి ఆంటీ" అని మా అమ్మని రోజూ బతిమాలింది అక్కే. మా అమ్మ ఆ భాష విని మొదట హడలిపోయి, తర్వాత ఆమెకి పెసరట్లు వేసి పెట్టడం దాకా వచ్చింది. ఆటల కోటాలో అక్కకి సర్కారు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. నాకు పెళ్ళయి, అశోక్ నగర్‌లో మా ఆయన పెట్టిన పుస్తకాల కొట్టు వచ్చింది. అయినా పొద్దున ఆరింటికి ఇద్దరం కోర్టులోనే. నేను చూడకుండా బంతి విసిరితే అది ఎక్కడ పడుతుందో అక్కడ అక్క ఉండేది. ఊళ్ళో ఏ జట్టూ ఆ బంతిని ఆపలేకపోయిన రోజులు ఉన్నాయి. అలాంటి మనిషికి 'ఇక చాలు' అని నేను ఏ నోటితో చెప్పను?

కొత్తవాళ్ళ కోసం ఎక్కడికీ వెళ్ళక్కర్లేకపోయింది. మా కొట్టుకే వస్తారు. పోటీ పరీక్షల పుస్తకాలు అమ్మే కొట్టు కదా, చుట్టుపక్కల హాస్టళ్ళలో ఉండే పిల్లలంతా పొద్దుణ్ణించి సాయంత్రం దాకా మా మెట్ల మీదే. ఒకరోజు నాగర్‌కర్నూల్ వైపు నుంచి వచ్చిన ఒక పిల్ల స్టూలు అడగకుండా పై అర నుంచి పుస్తకం తీసుకుంది. నేను లెక్క కట్టడం ఆపేసి ఆ చేతినే చూశాను. "రేపు పొద్దున గ్రౌండ్‌కి వస్తావా?" అన్నాను. కానిస్టేబుల్ పరీక్షకి ఎలాగూ పరుగు ప్రాక్టీస్ చెయ్యాలి కాబట్టి వస్తానంది. తోడుగా తన రూమ్మేట్‌ని కూడా తెచ్చింది. ఆ రూమ్మేట్ పొట్టిగా, గుండ్రంగా, నోట్లో ఎప్పుడూ కరెంట్ అఫైర్స్ నములుతూ ఉండే పిల్ల. వచ్చింది కదా అని బెంచీ మీద కూర్చోబెట్టాను.

పొడుగు పిల్లని నేనే తయారు చేశాను. రింగు కింద ఎలా నిలబడాలో, భుజం ఎలా అడ్డం పెట్టాలో, అక్క నుంచి నేను చూసి తెలుసుకున్నదంతా నేర్పాను. అక్క మాత్రం ఆ చివర పొట్టి పిల్లతో బంతి ఆడుకుంటూ ఉండేది. విసరమనడం, పట్టుకోవడం, మళ్ళీ విసరమనడం. ప్రాక్టీస్ అయిపోయాక కూడా వదిలేది కాదు. వయసు పైబడితే మనుషులకి పనికిరాని దయ పుట్టుకొస్తుందనుకుని ఊరుకున్నాను.

అసలు ఈ పిల్లలతో జట్టు కట్టడంలో పెద్ద చిక్కు ఒకటుంది. పాతవాళ్ళు వెళ్ళరు, కొత్తవాళ్ళు ఉండరు. అశోక్ నగర్‌లో ఉన్న ప్రతి పిల్లా ఇక్కడి నుంచి వెళ్ళిపోవడానికే వచ్చింది. నోటిఫికేషన్ పడితే కోర్టుకి రారు. పరీక్ష వాయిదా పడితే ఏడుస్తూ వస్తారు. ఫలితాలు వచ్చి ఉద్యోగం దొరికిందా, ఇక శాశ్వతంగా రారు. రేపు పెట్టే బేడా సర్దుకుని పోయే పిల్లల కోసం ఇన్నేళ్ళు నిలబడిన మనిషిని కదిలించడం న్యాయమా అని ఒక పూట అనిపించేది. కదిలించకపోతే గంటే పోతుంది కదా అని ఇంకో పూట. మా ఆయన నా చీలమండకి నొప్పుల మందు రాస్తూ ఈ రెండు పూటల మాటలూ వినేవాడు. "ముందు ఈ వాపు సంగతి చూసుకో" అనేవాడు. ఆటలంటే తెలియని మనిషితో మాట్లాడి లాభం లేదని నేను అటు తిరిగి పడుకునేదాన్ని.

చివరికి మర్యాదస్థులు చేసే పనే చేశాను. హిమాయత్‌నగర్ వెళ్ళి మంచి శాలువా కొన్నాను. మన దగ్గర ఎవరికైనా శాలువా కప్పామంటే, ఇంతవరకూ చేసింది చాలు, ఇక కూర్చోండి అని. నోటితో అనలేనిది శాలువా అంటుంది. మా నాన్న ఆఫీసులో అలాగే పంపారు, వీధి చివరి హెడ్మాస్టరు గారినీ అలాగే పంపారు. అక్కకి అర్థం కాకుండా పోదు. ఒకవేళ బాధపడితే చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. "నువ్వు గీత బయట నిలబడి నేర్పితే చాలక్కా. నీ కళ్ళు చాలు మాకు. ఆడాల్సిన పనేముంది?" అద్దం ముందు నిలబడి మరీ సాధన చేశాను.

లీగ్‌కి వారం ముందు, ప్రాక్టీస్ అయ్యాక అందరినీ చుట్టూ నిలబెట్టి, అక్క గురించి నాలుగు ముక్కలు చెప్పి, శాలువా కప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. అక్క ఒక్క క్షణం ఆ అంచు పట్టుకుని చూసింది. తర్వాత దాన్ని తీసి నా భుజాల చుట్టూ కప్పేసింది.

"నాకెందుకే ఇది? నీకే మంచిగుంటది. కప్పుకో" అంది.

"అక్కా, ఇది నీ కోసం కొన్నది."

"తెలుసే. అయినా కప్పుకో. జర నా మాట విను."

అని బంతి తీసుకుని మళ్ళీ ఆ పొట్టి పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ ఎండలో ఊలు శాలువా కప్పుకుని కోర్టు మధ్యలో నిలబడ్డాను. అంత వినయం ఉన్న మనిషికి ఇక నేనేం చెప్పను? అద్దం ముందు సాధన చేసిన మాటలు ఎవరికీ చెప్పకుండా ఇంటికి తెచ్చేసుకున్నాను.

మొదటి మ్యాచ్‌లు ఓడిపోయాం. నేను విసిరిన బంతులు అక్కకి చేరే లోపే అవతలి పిల్లలు మధ్యలోకి వచ్చి ఎగరేసుకుపోయారు. అక్క చేతులు చాచి నిలబడే ఉండేది. కోపం తట్టుకోలేక ఒక సాయంత్రం కొట్లో పొడుగు పిల్లని కూర్చోబెట్టి, అక్క గురించి ఏమనుకుంటున్నావో నిజం చెప్పమన్నాను. ఆమె స్థానంలోకి రావాల్సింది ఈ పిల్లే కదా.

ఆ పిల్ల పుస్తకం మూసి, తెరిచి, మళ్ళీ మూసింది. "అక్క కాడికి బాల్ పోతే జారదు మేడం. పోవాలె, గంతే" అంది.

"అంటే?"

"ఏం లేదు మేడం. మీరు పెద్దోళ్ళు."

పల్లెటూరి పిల్ల, పెద్దవాళ్ళ మీద ఫిర్యాదు చేయడానికి నోరు రావడం లేదనుకున్నాను. ఇలాంటి మర్యాదలతోనే జట్టు మునిగిపోతోందని మనసులో తిట్టుకున్నాను.

ఇంకొక్క మ్యాచ్ మిగిలింది. గెలిస్తే గంట ఉంటుంది, ఓడితే లేదు. ముందు రోజంతా కొట్లో ఎవరు ఏ పుస్తకం అడిగినా ఇంకోటి ఇచ్చాను. ఎటు చూసినా దారి కనపడలేదు. చెప్పలేను, పిలవలేను, శాలువా కూడా పని చెయ్యలేదు. అప్పుడు తట్టింది. నేను ముందు చెయ్యి ఎత్తుతాను. ఇన్నేళ్ళు తన పక్కన నిలబడిన దాన్ని నేనే వెళ్ళి కూర్చుంటే, ఆమె ఒక్కతే అక్కడ ఎలా నిలబడుతుంది? సిగ్గుతోనో, నా మీద ప్రేమతోనో ఆమె చెయ్యి కూడా లేస్తుంది. జట్టు కోసం నా ఆటని నేను బలి ఇస్తున్నానని నా కళ్ళే చెమర్చాయి. ఆ సంగతి ఇప్పుడు రాస్తుంటే మొహం దాచుకోవాలనిపిస్తోంది.

మ్యాచ్ సగం దాటేసరికి మేము బాగా వెనకబడి ఉన్నాం. ఆట ఒకసారి ఆగినప్పుడు అక్క వైపే చూస్తూ, అందరికీ కనిపించేలా, చెయ్యి పైకి ఎత్తి దించకుండా నిలబడ్డాను.

అందరూ ఆగిపోయారు. అక్క నా చేతి వైపు చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దారికి వచ్చింది, అని నేననుకున్నాను, ఇప్పుడు ఆమె చెయ్యి లేస్తుంది. అక్క గబగబా నడుచుకుంటూ వచ్చి నా తలని రెండు చేతుల్లో పట్టుకుని నుదుటి మీద ముద్దు పెట్టింది. "మంచి పని చేసినవ్ చెల్లె" అంది. వెనక్కి తిరిగి బెంచీ వైపు చూసి, "నువ్వు రా" అని పిలిచింది.

లేచింది పొడుగు పిల్ల కాదు. పొట్టి పిల్ల.

ఇన్నేళ్ళలో నేను మా జట్టు ఆటని బయట నుంచి చూడలేదు. బెంచీ మీద కూర్చుంటే అంతా కనిపిస్తుందని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది. ఆ పొట్టి పిల్ల బంతి పట్టుకుంది. అక్క అప్పటికే రింగు కింద చోటు చేసుకుని, వీపుతో ఒక అమ్మాయిని అడ్డుకుని, చెయ్యి చాచి ఉంది. బంతి వెళ్ళింది. మధ్యలోకి రావడానికి అవతలివాళ్ళకి సమయమే దొరకలేదు. అక్క ఎగరలేదు. ఎగరక్కర్లేదు. పట్టుకుని, తిరిగి, వేసింది. మళ్ళీ అదే. మళ్ళీ అదే. అక్క ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉంది. ఈ రెండేళ్ళూ ఆలస్యంగా వెళ్ళింది నా బంతి. చాచిన ఆ చేతులు నేను పంపని బంతి కోసం అలా ఎదురుచూస్తూ ఉండిపోయాయి. చీలమండ వాపు, మా ఆయన మాట, పొడుగు పిల్ల మూసి తెరిచిన పుస్తకం, ఎండలో ఊలు శాలువా, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా పక్కన కూర్చున్నాయి. లేచి మళ్ళీ వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఎత్తిన చెయ్యికి వెనక్కి తిరగడం లేదు. ఆ పద్ధతిని ఇన్నేళ్ళు కాపాడింది నేనే.

గెలిచాం. గంట నిలబడింది.

జెర్సీ తీసి ఇచ్చాను. ఆ పిల్ల దాన్ని అక్కడికక్కడే పైన వేసుకుంది. పొడుగ్గా వేలాడింది. వచ్చేటప్పుడు అక్క, నేను మెట్రో కింద నడుచుకుంటూ వచ్చాం. నా సంచీ కూడా ఆమే మోసింది.

"రెండేండ్ల సంది పరేషాన్ అయిన, నీకు ఎట్ల చెప్పాలెనో తెల్వక" అంది. "సార్ ఉన్నా గూడ చెప్పకపోతుండె. ఆ శాలువా నాడు జర ధైర్యం చేసి నీకే కప్పిన, నువ్వు అర్థం చేసుకోలే. పోనీ, ఆఖరికి నువ్వే ఎత్తినవ్. నీకున్నంత గుండె నాకు లేదే, నిజం చెప్తున్న."

నేను ఎందుకు ఎత్తానో చెప్పాలని నోరు తెరిచాను. చెప్తే ఆమె ఏడుస్తుంది, చెప్పకపోతే నేను ఏడుస్తాను. సంచీ ఇటిమ్మని మాత్రం అన్నాను.

"నువ్వు గీత బయట నిలబడి పిల్లలకి నేర్పితే చాలే చెల్లె. ఆడాల్సిన పనేమున్నది? నీ కళ్ళు చాలు మాకు" అంది అక్క. నేను అద్దం ముందు సాధన చేసుకున్న మాటలే. ఆమెకి కూడా అద్దం ఉంటుందని నాకు ఎందుకు తోచలేదో.

వెళ్తూనే ఉన్నాను. గీత బయట నిలబడతాను. నేర్పడానికి నా దగ్గర ఉన్నదంతా అక్క అప్పటికే నేర్పేసింది. ఏడయ్యాక అందరితో పాటు టీ తాగి, చిక్కడపల్లి మీదుగా నడుచుకుంటూ వచ్చి కొట్టు తెరుస్తాను. చీలమండ వాపు తగ్గింది. తగ్గినందుకు మా ఆయన సంతోషించాడు, నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఈ మధ్య నోటిఫికేషన్ పడింది. మెట్లు మళ్ళీ నిండిపోయాయి. ఆ గుంపులోంచి పొట్టి పిల్ల తోసుకుంటూ వచ్చి కొత్త సిలబస్ పుస్తకం అడిగింది. ఉన్నవాటిలో మంచిది వెతికి, దుమ్ము దులిపి ఇచ్చాను. ఈసారైనా ఈ పిల్లకి ఉద్యోగం రావాలి దేవుడా, దూరంగా ఎక్కడో మంచి చోట రావాలి, అని మనసారా అనుకున్నాను. ఆ కోరికలో ఆమె కోసం ఎంతో, నా కోసం ఎంతో నాకే తెలియదు. చెయ్యి ఎత్తినవాళ్ళు తిరిగి దిగకూడదని తెలుసు. అయినా కోరుకున్నాను.

ఆ పిల్ల పుస్తకం గుండెకి హత్తుకుని నా మొహంలోకి చూసింది. ఏం చూసిందో మరి, గొంతు తగ్గించి ఓదార్పుగా అంది.

"మీరు పరేషాన్ కాకండి అక్కా. ఉద్యోగం అచ్చినా సిటీలనే పోస్టింగ్ అడుగుత. టీమ్‌ను ఇడిషిపెట్ట."

"మంచిదమ్మా" అన్నాను.